ఎంగిలి

నరసన్నపేట గ్రంథాలయం వెనక గదిలో
బల్ల మీద బోర్లా పడుకోబెట్టాను ఆమెను.
ముందు వీపు చూడాలి.
ఎన్ని దెబ్బలు తిన్నదో
బొమ్మకి వీపే చెబుతుంది.

తుఫాను రాత్రి కిటికీ రెక్క ఊడి మీద పడిందట.
ఎడమ చెంప నించి మెడ దాకా
జానెడు చిరుగు.
ఎవరో పుణ్యాత్ముడు
వెనక నించి పంచె ముక్క, ఫెవికాల్ పూసి అంటించాడు.
అతన్నేమీ అనను,
చేతిలో ఉన్నదాంతో ఆదుకున్నాడు.
ఆ ఆదుకోవడాన్ని ఊడదీయడానికే
నాకు పదకొండు రోజులు పట్టింది.
కొంచెం తేమ, ఎముక గరిటె,
మళ్లీ కొంచెం తేమ.

కింద మూల సంతకం:
గేదెల కూర్మయ్య, డ్రాయింగు మాస్టరు, 1958.
ఆమె పేరు మాత్రం ఎక్కడా లేదు.
నెత్తిన ఎండుచేపల గంప,
నోట్లో అడ్డపొగ చుట్ట.
నిప్పు లోపలివైపు.
కనబడని ఆ నిప్పుని మాస్టరు
చెంప మీద ఒక్క ఎర్ర చుక్కతో చెప్పాడు.
చిరుగు సరిగ్గా ఆ చుక్క మీదుగానే పోయింది.

"కొత్తదానిలా చేసేయండమ్మా,
తాసిల్దారు గారొస్తన్నారు రిబ్బను కటింగుకి"
అన్నాడు కార్యదర్శి జోగారావు గారు.
కొత్తది చేయడం నాకు రాదండీ,
ఉన్నదాన్ని ఉంచడమే వచ్చు.

పుల్లకి దూది చుట్టి, నోట తడిపి
మసి మీద మెల్లగా దొర్లిస్తూంటే
ముఖం తిప్పుకున్నాడు.
"ఎంగిలా!"
అవునండీ.
ఇంతకన్నా మెత్తని మందు ఏ సీసాలోనూ దొరకలేదు నాకు.
బడికెళ్లే వేళ మీ బుగ్గ మీది కాటుక మరకని
మీ అమ్మ కొంగు కొస దేంతో తడిపి తుడిచిందో
గుర్తు తెచ్చుకోండి.
ఆయన ఏమీ అనలేదు.
కుర్చీ మాత్రం కాస్త దగ్గరికి జరుపుకున్నాడు.

పోగుల కోసం పొందూరు వెళ్లాను.
వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతోంది సూరీడమ్మ.
"ఎంత కావాల?"
మూరెడు.
"మూరెడు దారానికి బస్సెక్కొచ్చినావేటమ్మా!"
పక్కనున్న రాట్నాలు కూడా ఆగి నవ్వాయి.
కొసని నాలిక మీద తడిపి, పురిపెట్టి ఇచ్చింది.
ఆ సంగతి జోగారావు గారికి చెప్పలేదు.

భూతద్దం కింద
తెగిన కొసని దాని కొసకే చేర్చాలి.
పక్కదానికి కలిపితే చెంప వంకరపోతుంది,
ఆమె ఇంకెవరో అయిపోతుంది.
ఎంతకీ అందని చోట మాత్రమే సూరీడమ్మ పోగు,
ఆవగింజలో సగం చేప జిగురు.
రోజుకి ఏడో ఎనిమిదో.
కరెంటు పోతే అవీ లేవు.
పత్తి దువ్విందీ చేపే, పోగు అతికిందీ చేపే,
ఆమె మోస్తున్నదీ చేపలే.
కవిత్వం కోసం కల్పించలేదు,
మెస్సులో ముల్లు తీసుకుంటూ
నేనూ అప్పుడే గమనించాను.

ఎర్ర చుక్కలో సగం రాలిపోయింది.
"ఒక్క బొట్టు రంగే కదా, ఎవరికి తెలుస్తుంది?"
ఎప్పుడో ఒకనాడు
ఈమెని మళ్లీ బోర్లా పడుకోబెట్టే మనిషికి తెలుస్తుంది.
ఆ చోట సన్నగా మట్టిరంగు నింపాను,
తడిగుడ్డతో పోయేది.
వాకిట్లోంచి చూస్తే చెంప.
దగ్గరికొస్తే దెబ్బ.
నేను చేసిందేదైనా ఊడొచ్చేలాగే చేశాను.
ఈసారి ఎవరికీ
పదకొండు రోజులు పట్టకూడదు.

రిబ్బను కటింగు వాయిదా పడింది.
అది తెలియక సూరీడమ్మ
మనవడి సైకిలు వెనక కూర్చుని వచ్చేసింది.
కళ్లద్దాలు పైకీ కిందకీ జరిపి
తన దారం కోసం వెతికింది.
దొరకలేదు.
కాసేపటికి వెతకడం మరిచిపోయింది.
కాస్త ముందుకి వంగి,
సగం చుక్క ఉన్న చెంపని చూస్తూ
గొంతు తగ్గించి అడిగింది ఆమెనే,

"ఎవులి పిల్లవే నువ్వు?"